‘వయసు మీద పడింది’ అని వదిలేయకండి

అరవై దాటినవాళ్లు ‘దిగులుగా ఉంది’ అని నోరు తెరిచి చెప్పడం అరుదు. కాళ్లు పీకుతున్నాయంటారు, అన్నం సయించట్లేదంటారు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. డాక్టరుకీ అవే చెప్పి గ్యాస్ మాత్రలతో తిరిగొస్తారు. 2017-18లో పెద్దవయసువాళ్ల ఆరోగ్యంపై దేశమంతటా జరిగిన లాసీ సర్వేలో ఈ వయసువాళ్లలో 8.3 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. ఆ జబ్బుందని అప్పటికే డాక్టరు చెప్పినవాళ్లు మాత్రం 0.8 శాతమే.

ఆడవాళ్లలో కాస్త ఎక్కువ. భర్త పోవడం, చేతిలో సొంత డబ్బు లేకపోవడం, మోకాళ్ల నొప్పులు, మంచాన పడ్డవాళ్లకు ఏళ్ల తరబడి చేసే సేవ... ఇవన్నీ కలుస్తాయి. కొడుకుల మధ్య నెలకో ఇంటికి మారే తల్లి బట్టల సంచీ చూడండి. ఏ ఇంట్లోనూ అది పూర్తిగా ఖాళీ కాదు.

మగవాళ్లలో దిగులు చాలాసార్లు చిరాకుగా బయటపడుతుంది, తాగుడు పెరుగుతుంది. రిటైరైన కొత్తలోనూ, భార్య పోయాకా బాగా గమనించాలి. పిల్లలతో మాటలన్నీ ఆవిడ ద్వారానే నడిపిన మనిషి, ఆవిడ పోగానే పిల్లలకూ దూరమవుతాడు. ఆత్మహత్యలు మగవాళ్లలోనే ఎక్కువ. పొలం ఉన్న ఇళ్లలో పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, లేదా తాళం వేసి తాళంచెవి వేరేవాళ్ల దగ్గర పెట్టండి.

ఇలాంటి లక్షణాలు కనిపిస్తే ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ బి12, సోడియం పరీక్షలు చేయించండి. షుగరుకి ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గొచ్చు. నీరసం, మతిమరుపు దానివల్లా రావచ్చు. చెవులు కూడా చూపించండి. సరిగ్గా వినిపించని మనిషి మెల్లగా మాటల్లోంచి తప్పుకుంటాడు. పెద్దవాళ్లలో డిప్రెషన్‌ని పసిగట్టడానికి జీడీఎస్ అనే పదిహేను ప్రశ్నల పరీక్ష ఉంది, అవును-కాదు జవాబులే. దిగులును సూచించే జవాబులు ఐదు దాటితే మానసిక వైద్యుడికి చూపించాలి. కోడలో కొడుకో పక్కనుంటే జవాబులు మారిపోతాయి, ఒంటరిగా అడగండి.

డిప్రెషన్‌కి డాక్టరిచ్చే మందు పనిచెయ్యడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పది రోజులకే ‘గుణం లేదు’ అని మానేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. కొన్ని మందులతో మొదటి వారాల్లో సోడియం పడిపోవచ్చు. తూలినా, మాట తడబడినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. పక్కింటివాళ్లిచ్చిన ఆల్ప్రాజోలం నిద్రమాత్ర వేసుకోనివ్వకండి, రాత్రి బాత్రూంలో పడి తుంటి విరిగేది అలాగే.

‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి, 14416 నంబరుకి ఫోన్ చెయ్యండి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.