అకిల్ దీవిలో ఒక పిల్ల జాడ

డబ్లిన్‌లో నాతో పనిచేసే ఐరిష్ స్నేహితురాలికి తన ముత్తవ్వ గురించి తెలిసింది రెండే ముక్కలు. పుట్టింది ఐర్లండ్ పడమటి తీరాన ఉన్న అకిల్ దీవిలో, చిన్నతనంలో బంగాళాదుంపల కూలికి స్కాట్లాండ్ వెళ్ళేది. ఆ ఊరు చూసొద్దామని ఇద్దరం హ్యూస్టన్ స్టేషన్‌లో వెస్ట్‌పోర్ట్ రైలెక్కాం. మూడు గంటల పైన ప్రయాణం. దారంతా తను ఫోన్‌లో 1901, 1911 జనాభా లెక్కల కాగితాలే చూపించింది.

ఐర్లండ్‌లో ఇవైనా మిగలడం అదృష్టమే. 1821 నుంచి 1851 దాకా రాసినవి చాలావరకు 1922 అంతర్యుద్ధంలో రికార్డాఫీసుతో పాటే కాలిపోయాయి. 1861, 1871వి సర్కారే నాశనం చేసింది. 1881, 1891వి మొదటి ప్రపంచయుద్ధంలో కాగితం కరువొచ్చి గుజ్జయ్యాయి. మిగిలినవాటిని ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. మనకైతే ఆ ఆశా లేదు. 1948 సెన్సస్ చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపించరు. మా తాతమ్మ ఒక అంకెగా లెక్కలో కలిసిపోయిందంతే.

1901 మార్చి 31 రాత్రి, లెక్క తీసినప్పుడు, ఆ ముత్తవ్వ 13 ఏళ్ళ పిల్ల. చదవడం, రాయడం వచ్చు. ఐరిష్, ఇంగ్లీషు రెండూ వచ్చు. నాయనమ్మకి ఐరిష్ ఒక్కటే. తండ్రి సంతకం బదులు ఇంటూ గుర్తు. ఇంటికి ఇంకో ఫారం: రాతిగోడకి 1, గడ్డికప్పుకి 0, ఇలా మార్కులు కలిపి ఇంటి తరగతి తేల్చేవారు. రాసేవాళ్ళు పోలీసులే. లెక్క మార్చిలో తీశారు కాబట్టి పిల్ల ఇంట్లో దొరికింది, అదే ఎండాకాలమైతే దుంపల పొలాల్లో ఉండేది.

1911 కాగితం చూస్తే నవ్వాగలేదు. 1901లో 58 ఏళ్ళున్న నాయనమ్మకి ఇందులో 74! మధ్యలో 1909 జనవరి నుంచి 70 నిండినవాళ్ళకి పింఛను మొదలైంది మరి. ఐర్లండ్ అంతటా ముసలివాళ్ళ వయసు ఇలాగే గబగబా పెరిగిందట. అదే కాగితంలో తల్లి వరుసలో, పుట్టిన పిల్లలు 9, బతికున్నవాళ్ళు 5. ఆ ఏడే కొత్తగా అడిగిన ప్రశ్న అది. ఆ ఐదుగురిలో మనమ్మాయి ఒకతి, కానీ ఆ రాత్రి ఇంట్లో లేదు.

వెస్ట్‌పోర్ట్‌లో కారు తీసుకుని వంతెన దాటి దీవిలోకి వెళ్ళాం. స్లీవ్‌మోర్ కొండ కింద కప్పుల్లేని రాతి ఇళ్ళు ఎనభైకి పైగా వరసగా ఉన్నాయి. చుట్టూ పచ్చికలో దుంపల బోదెలు ఇంకా కనిపిస్తాయి. ఆ ముత్తవ్వ వాళ్ళ ఇల్లు ఇదే అని చెప్పే గుర్తేమీ లేదు. ఫొటోలు తీసుకుని కదిలాం.

నన్ను పట్టుకున్నది కిల్‌డావ్‌నెట్ శ్మశానం. 1894 జూన్‌లో స్కాట్లాండ్ ఓడ ఎక్కడానికి బయల్దేరిన కూలీల పడవ వెస్ట్‌పోర్ట్ దగ్గర తిరగబడి 32 మంది మునిగిపోయారు. ఎక్కువమంది వయసు పిల్లలే. వాళ్ళని పూడ్చింది ఇక్కడే. అకిల్ వైపు వేసి, ఇంకా ప్రారంభం కాని కొత్త రైలు మార్గంలో మొదట వచ్చింది ఆ శవాలే. కూలీలని జట్టుగా పోగుచేసి తీసుకెళ్ళే మనిషిని అక్కడ గ్యాఫర్ అనేవారట. నాకు పాలమూరు వలసల మేస్త్రీలు గుర్తొచ్చారు. అప్పటికి ఆరేళ్ళున్న ఆ పిల్ల, పెద్దయ్యాక తనూ ఆ పనికే వెళ్ళింది.

1911 స్కాట్లాండ్ జనాభా లెక్కల్లో అదే పేరు, అదే వయసున్నవాళ్ళు ముగ్గురు తేలారు. అసలు కాగితాలు చూడాలంటే అక్కడ డబ్బు కట్టాలి. తిరుగు రైల్లో స్నేహితురాలు కార్డు బయటికి తీసింది.