పాత ట్యాంకు, కొత్త కోరు

లీవుకి చిత్తూరు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, కువైట్‌లో ఏం పని చేస్తావని. ఇంజను నీళ్లని చల్లబరిచే రేడియేటర్ల రిపేరు అంటే నమ్మరు. "ఆ పని ఈడ్నే లేకుండా పోయె కదా సామీ, అంత దూరం పోయి చేసేదేముండాది" అంటారు. అదీ నిజమే. ఇప్పటి కార్ల రేడియేటర్లో నీళ్లు పారి చల్లబడే ట్యూబుల చట్రం, దాన్నే కోరంటాం, అది అల్యూమినియం, దానికి రెండు చివర్లా నీళ్లు నిలిచే ప్లాస్టిక్ ట్యాంకులు, మధ్యలో రబ్బరు గాస్కెట్ పెట్టి అంచులు నొక్కేసి ఉంటారు. మామూలు టంకం దానికి పట్టదు. లీకైతే పీకేసి కొత్తది బిగించడమే, ఆ మాత్రం దానికి నాలాంటోడు అక్కర్లేదు. పాత కార్ల రేడియేటర్ అట్లా కాదు, ట్యూబులు ఇత్తడి, వాటి మధ్య పల్చటి రేకులు (ఫిన్నులు) రాగి, ట్యాంకులు ఇత్తడి, అన్నిటినీ కలిపి పట్టుకునేది తగరం, సీసం కలిసిన టంకం. విప్పొచ్చు, కడగొచ్చు, మళ్లీ అతికించొచ్చు.

నేను పని నేర్చుకున్నది చిత్తూరులో మా మేనమామ షెడ్డులో. అప్పట్లో మాకు పని తెచ్చిపెట్టేది తిరుమల ఘాటు, మొగిలి ఘాటు. నిండా మనుషుల్ని ఎక్కించుకున్న అంబాసిడర్ సెకండ్ గేరులో మెల్లగా పాకుతూ కొండెక్కుతుంటే ఇంజను మీద లోడు జాస్తి, ముందు నుంచి తగిలే గాలి తక్కువ, ఇంక మరగక ఏం చేస్తుంది. డ్రైవర్లు బోరు నీళ్లు పోసేవాళ్లు, మా సీమ బోరు నీళ్ల సంగతి తెలిసిందే, ట్యూబుల్లో తెల్లగా ఉప్పు గట్టిపడేది. లీకైతే దారిలో కొట్టు దగ్గర ఆపి పసుపు పొడి కొని రేడియేటర్లో వేసేవాళ్లు. లీకు ఆగేది, అబద్ధం చెప్పను. కానీ ఆ పసుపంతా ట్యూబుల్లో పేరుకుపోయి తర్వాత మా దగ్గరికి వచ్చేది, సన్నటి పలక కడ్డీలు దూర్చి ఒక్కో ట్యూబూ గీరి తీసేవాళ్లం.

ఇక్కడ ఎందుకూ కొరగాదన్న ఆ పనే నన్ను కువైట్‌లో షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాకి చేర్చింది. కువైటీలకి పాత అమెరికన్ కార్లంటే ప్రాణం. చలికాలంలో బయటికి తీస్తారు, అప్పుడే మాకు పని ముంచుకొస్తుంది. ఎండాకాలం సంగతి వేరు. 2016 జులైలో అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని రూలుంది, కానీ రేకుల కింద ఉన్నాం కాబట్టి అది మనకి కాదంటాడు మా ముదీర్ (మేనేజరు). రేకుల కింద, పక్కన గ్యాసు మంట పెట్టుకుని!

పోయిన సీజన్లో 1975 షెవర్లే కాప్రిస్ క్లాసిక్ ఒకటి వచ్చింది, టాపు మడిచే రకం. షెవర్లే వాళ్లు అంత పెద్ద కారులో ఓపెన్ టాప్ చేసిన ఆఖరి ఏడాది అదే, అందుకని ఓనరు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ట్యాంకు మీద హారిసన్ అని అచ్చు ఉంది, షెవర్లేలు తయారు చేసే జీఎం కంపెనీకి అప్పట్లో ఉన్న సొంత రేడియేటర్ల విభాగం పేరది. కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోతోంది. ఆయనకి రేడియేటర్ మార్చడం ఇష్టం లేదు, ఒరిజినలే కావాలి, కారు మాత్రం వేడెక్కకూడదు.

నేను ముందు రేడియేటర్ని తప్పుపట్టను. మూత రబ్బరు పోతే ప్రెషర్ నిలవదు. ఆ కారుకి 15 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) మూత, ఆ ప్రెషర్ మీద నీళ్లు సుమారు 120 డిగ్రీల దాకా మరగవు, మూత పోతే ఆ లాభం మొత్తం పోతుంది. తర్వాత నీళ్లు వేడెక్కితే దారి తెరిచే థర్మోస్టాట్, వేడిని బట్టి ఫ్యాన్‌ని తిప్పే ఫ్యాన్ క్లచ్, గాలి పక్కకి పోకుండా ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ చూస్తా. ష్రౌడ్ లేకుండా తిరిగే పాత కార్లు నేను చూసినన్ని ఎవరూ చూసుండరు, ఎవడో ఎప్పుడో విప్పి మూల పడేసుంటాడు. ఈ కారుకి అన్నీ బాగున్నాయి. కోరు మీద టెంపరేచర్ గన్ ఆడిస్తే మధ్యలో పెద్ద ముక్క చల్లగా ఉంది, అంటే అక్కడ నీళ్లు పారడం లేదు.

అప్పుడు ఓనరుకి నాకొచ్చిన అరబీలో చెప్పాను: నీ ఒరిజినల్ అంటే ఆ అచ్చున్న ట్యాంకులు, అవి ఉంచుతా. కోరు అరిగేదే, బ్రేక్ షూ మారుస్తావు కదా, ఇదీ అంతే. చాలాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. నా అభిప్రాయం ఏమిటంటే, బండి షోలో నిలబెట్టడానికైతే పాత కోరు ఉంచుకోవచ్చు, గల్ఫ్ రోడ్డు మీద తిప్పేవాడు దాన్ని పట్టుకుని వేలాడటం మొండితనం.

ఈ కారుకి ట్యాంకులు కుడి ఎడమల ఉంటాయి. ఒక ట్యాంకు లోపల ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్ చల్లబరిచే చిన్న కూలర్ కూడా ఉంటుంది, తెలియనివాడు మంట పెడితే పోయేది అదే. అది లీకైతే నీళ్లు గేరుబాక్సులోకి పోయి ఆయిల్ రోజ్‌మిల్క్ రంగులోకి మారుతుంది, ఇంక ఖర్చు చెప్పక్కర్లేదు. అందుకని ట్యాంకు విప్పగానే దానికి విడిగా గాలి పెట్టి టెస్ట్ చేశాను. టంకం కరగడం మొదలవడానికి 180, 190 డిగ్రీలు చాలు కాబట్టి ఒక అతుకు మీద మంట పెడితే పక్క అతుకూ ఊడొస్తుంది, పక్కన తడిగుడ్డ చుట్టుకుంటూ పోవాలి. కొత్తగా తెప్పించిన రాగి కోరుకి పాతదానికంటే ఒక వరస ట్యూబులు ఎక్కువ. మొత్తం అతికించాక గొట్టాలు మూసి, గాలి పట్టి, నీళ్ల తొట్టిలో ముంచి చూస్తాం. బుడగ రాలేదు. నలుపు పెయింటు పల్చగా కొట్టాను, మందంగా కొడితే వేడి బయటికి పోదు.

ఆ ఒక్క కారుకి షాపు తీసుకున్నది నా నెల జీతం కంటే ఎక్కువ. ఓనరు పోతూ నా జేబులో కొన్ని దినార్లు పెట్టాడు, అవి ముదీర్ చూడలేదు.

ఇప్పుడు లీవులో ఉంటే తిరుపతి నుంచి మా బావ ఫోను. వాళ్ల నాయన నడిపిన అంబాసిడర్ ఇంకా ఇంట్లో ఉంది, మళ్లీ రోడ్డెక్కించాలంట. "అల్యూమినియందొకటి ఆన్‌లైన్లో చూసినా, ఏసేద్దామా బామ్మర్దీ" అన్నాడు.

"బావా, ముందు అందులో పసుపు ఎంతుందో చూడనీ" అన్నా.

పోయి చూస్తే నిండా పసుపే. కోరు పనికిరాదు, ట్యాంకులు మాత్రం గట్టిగా ఉన్నాయి. కొత్త కోరు చెన్నైలో అడగమన్నాను. మామ షెడ్డు ఇప్పుడు సెల్‌ఫోన్ షాపు అయింది గానీ ఆయన టంకం కడ్డీ, టంకం పట్టడానికి వాడే నవాసారం డబ్బా అటక మీదే ఉన్నాయంట, ఆదివారం పోయి తెచ్చుకోవాలి.