మైపాడు తీరంలో మొలిచిన ముళ్లు

నాలుగు సాయంత్రాలు మింగిన తప్పు ఈ రోజు దొరికింది. సరిచేయడానికి పట్టింది ఒక్క పదం. నా మీద నాకే కోపంగా ఉంది.

నేల ఎత్తులను గళ్లుగా దాచే హెచ్‌జీటీ ఫైళ్లు చదవడానికి, త్రీడీ దృశ్యాలు గీసే ఓపెన్‌సీన్‌గ్రాఫ్ లైబ్రరీకి ప్లగిన్ (అదనపు భాగం) రాస్తున్నాను. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ రాడార్‌తో కొలిచిన ఎత్తులు ఇవి. ప్లగిన్‌ను లైబ్రరీకి పరిచయం చేసే రిజిస్ట్రేషన్, ఉత్తరం నుంచి వచ్చే వరుసలను తిరగేయడం మొదటి రోజే కుదిరాయి. నెల్లూరు ఉన్న ఎన్14ఈ079 టైల్‌లో (14వ అక్షాంశం, 79వ రేఖాంశం దగ్గర మొదలయ్యే ఒక డిగ్రీ చదరం) వెలిగొండలు ముచ్చటగా లేచాయి.

తూర్పున ఉన్న ఎన్14ఈ080 తెరిస్తే మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా అక్కడక్కడా సూదుల్లాంటి ముళ్లు! అన్నిటికన్నా పొడవైనది 65,535 మీటర్లు. ఏడు ఎవరెస్టులు పేర్చినా అందదు. వెనక నిలబడి చూసిన మా నాయన, "మైపాడులో కొండ ఎప్పుడు మొలిచిందిరా?" అన్నారు.

ముందు వరుస పొడవును అనుమానించాను. వరుసకు 1,201 గళ్లకు బదులు 1,200 చదివితే ఒక్కో వరుస ఒక్కో గడి జరిగి తీరం ఏటవాలుగా సాగాలి. సాగలేదు. ఫైలు కూడా గడికి రెండు బైట్ల లెక్కన సరిగ్గా 28,84,802 బైట్లే. తర్వాత కొలత లేని గళ్లు. వాటిలో -32,768 ఉంటుంది, దాన్ని సున్నా చేసే షరతు రాసే ఉంచాను. అందులో ప్రింటు పెడితే ఒక్కసారి కూడా పడలేదు. ఈ టైల్‌లో ఖాళీలు లేవు కాబోలు అనుకుని వదిలేశాను, అదే నా తెలివి. మిగిలింది బైట్ల క్రమం. ఈ ఫైళ్లలో పెద్ద బైటు ముందుంటుంది కాబట్టి చదివాక తిప్పాలి. తిప్పకుండా వదిలి చూశాను. 18 మీటర్ల నేల 4,608కి ఎగిరింది, పెద్ద ముల్లు మాత్రం 65,535 దగ్గరే ఉండిపోయింది. రెండు సాయంత్రాలు ఇక్కడే పోయాయి.

చివరికి ఫైలులోని బైట్లను ఉన్నవున్నట్టు చూపే హెక్స్ డంప్‌లో ఆ గడి వెతికాను. ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్. ఎటు తిప్పినా అదే! సైన్డ్ (రుణ సంఖ్యలకూ చోటున్న) లెక్కలో అది మైనస్ ఒకటి, అన్‌సైన్డ్ లెక్కలో 65,535. తీరంలో సముద్రమట్టానికి ఒక మీటరు దిగువన నమోదైన నేల. బిట్లు జరపడం తేలికని అన్‌సైన్డ్‌గా చదివి, మళ్లీ సైన్డ్ చేయకుండానే ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలో) పోశాను. ఖాళీ గళ్ల షరతు ఎన్నడూ పడకపోవడానికీ ఇదే కారణం. అన్‌సైన్డ్ విలువ -32,768 ఎలా అవుతుంది? 079లో సముద్రం లేదు కాబట్టి గుట్టు బయటపడలేదు.

రకరకాల మ్యాపు ఫైళ్లు చదివే జీడాల్ లైబ్రరీ ప్లగిన్ ఉండగా ఈ తిప్పలెందుకని అడిగేవారున్నారు. ఒక్క ఫార్మాట్ కోసం అంత పెద్ద లైబ్రరీని మోయడం నాకు ఇష్టం లేదు. నాది మొత్తం 140 వరుసల కోడ్.

ఇప్పుడు రెండు టైళ్లూ పక్కపక్కన పెడితే 80వ రేఖాంశం దగ్గర సన్నని నల్లగీత కనిపిస్తోంది. ఆ అంచు గళ్లు రెండు ఫైళ్లలోనూ ఉన్నాయి, ఎత్తులు కలుస్తున్నాయి, నార్మల్స్ (వెలుతురు లెక్కకు వాడే ఉపరితల దిశలు) మాత్రం కలవడం లేదని నా అనుమానం. ఆ అతుకు పోతే సోమశిల నుంచి ఊటుకూరు దాకా పెన్నను ఒకే చూపులో చూడాలి. ఓపెన్‌సీన్‌గ్రాఫ్‌కు వారసుడైన వల్కన్‌సీన్‌గ్రాఫ్‌కు మారడం ఆ తర్వాతే.