బాడీ ఒకరికి, ఇంజను ఒకరికి

గురువారం, సఖినేటిపల్లి రేవు

పొద్దున్నే వశిష్ఠ పాటు మీద ఉంది. నీళ్లు దిగుతుండగానే బోటును గట్టు దగ్గరికి లాగి ఇసుక మీద ఒరగనిస్తే అడుగు మొత్తం బయటపడుతుంది. క్రేను అక్కర్లేదు, జాకీ అక్కర్లేదు. కాబట్టి పాత బోటు చూడ్డానికి వచ్చేవాళ్లని పాటు వేళకే రమ్మంటాం. ఇంజను నడిపి చూపించాలంటే మాత్రం పోటు రావాలి. రెండూ చూడాలంటే మనిషి దాదాపు ఆరు గంటలు రేవులో కూర్చోవాలి, అంత ఓపిక ఎవరికుంది? పాటులో వచ్చినవాళ్లు ఇంజను వినకుండా వెళ్లిపోతారు, పోటులో వచ్చినవాళ్లు అడుగు చూడకుండా వెళ్లిపోతారు. ఎవరికి వాళ్లు తాము చూడని భాగానికే ధర కోస్తారు.

ఇవాళ రేవులో ఉన్నది 18 అడుగుల ఫైబర్ బోటు. 40 హార్స్ పవరు, రెండు సిలిండర్ల టూ స్ట్రోకు ఔట్‌బోర్డు, అంటే బోటు వెనక బయట తగిలించే ఇంజను. రిసార్టు షికార్లకి తిరిగింది. ముందు కుర్చీలు, స్టీరింగు, పక్కన గేరు లివరు. యజమానికి కొత్త ఫోర్ స్ట్రోకు ఇంజను మీద మనసు పడింది, పాతది మొత్తం కలిపి ఒకేచోట వదిలించుకుందామని ఆయన ఆశ. ఆ ఆశ దగ్గరే చిక్కంతా మొదలవుతుంది. పాత బోటు అంటే మూడు సరుకులు: బాడీ, ఇంజను, కాగితాలు. మూడూ కావలసిన మనిషి ఏడాదికి ఒకడు తగిలితే గొప్ప.

ముందు లంక నుంచి ఒక రైతు వచ్చారు. కొబ్బరికాయలు, పశుగ్రాసం ఇవతలి ఒడ్డుకి చేరవేయడానికి బాడీ కావాలి ఆయనకి. 40 హార్స్ పవరు ఆయనకి దండగ. లంకల మధ్య బరువుతో మెల్లగా వెళ్లడానికి పది హార్స్ పవరు చాలు, పెట్రోలూ అంత తాగదు. తర్వాత అంతర్వేది వైపు నుంచి వేటకెళ్లే ఆయన ఒకరు వచ్చారు.

"ఏవండీ, ఇంజను మట్టుకు ఎంతకిస్తారండి?"

"బాడీతో కలిపేనండి."

"బాడీ నేనేం చేసుకోనండి, ఇంటికాడ రెండున్నాయి."

ఆయన టేపు తెచ్చుకున్నారు, అది మంచి పని. ఔట్‌బోర్డు కొనేవాళ్లు చాలామంది హార్స్ పవరు అడుగుతారు గానీ షాఫ్టు, అంటే ఇంజను నుంచి నీళ్లలోకి దిగే కాలు, పొడుగు అడగరు. బోటు వెనక చెక్క, అంటే ట్రాన్సమ్, పై అంచు నుంచి అడుగు దాకా కొలవాలి. షార్టు షాఫ్టుకి సుమారు 15 అంగుళాలు, లాంగు షాఫ్టుకి 20. ఇంజను బిగించాక ప్రొపెల్లరు మీదుండే బల్లపరుపు రేకు బోటు అడుగుకి సరిసమానంగానో, ఒక అంగుళం కిందకో రావాలి. 20 అంగుళాల ట్రాన్సమ్‌కి షార్టు షాఫ్టు పెడితే ప్రొపెల్లరు గాలి మింగుతుంది. ఇంజను గోల పెడుతుంది, బోటు కదలదు. అల లేచినప్పుడల్లా నీళ్లు పీల్చే రంధ్రాలు బయటపడి ఇంజను వేడెక్కుతుంది కూడా. తక్కువ ఎత్తు ట్రాన్సమ్‌కి లాంగు షాఫ్టు పెడితే ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలన్నీ అదే వెతుక్కుంటూ పోయి గుద్దుకుంటుంది. దీనికి పైన చెక్క దిమ్మ వేసి ఇంజను ఎత్తుకోవచ్చు. షార్టు షాఫ్టుకైతే ట్రాన్సమ్‌నే కోసి దింపాలి. అలా కోస్తే సముద్రంలో వెనక నుంచి వచ్చే అల నేరుగా బోట్లోకి దిగుతుంది. వేటకెళ్లేవాడికి ఆ సలహా ఎవరిచ్చినా తప్పే.

ఇక్కడి ఇంజను లాంగు షాఫ్టే, ఆయన బోటుకి సరిపోతుంది. అయినా ఆయన ముఖం చిట్లించారు. రిసార్టు బోటు ఇంజను స్టీరింగుకీ లివరుకీ కేబుళ్లతో కట్టి ఉంటుంది. వేటగాళ్లు వెనక కూర్చుని చేత్తో పిడి పట్టి నడుపుతారు. ఆ పిడి బిగించాలంటే బ్రాకెట్టు, థ్రాటిల్ తీగ, గేరు మార్చే లింకు, ఆపే స్విచ్చు అన్నీ విడిగా కొనాలి. అన్ని మోడళ్లకీ ఆ సామాను దొరకదు. దొరికినా ఆ ఖర్చు అమ్మేవాడి లెక్కలోంచే పోతుంది.

రైతుగారు ఈలోపు బాడీ చుట్టూ తిరిగి రంగు బాగుందన్నారు. రంగు ఎప్పుడూ బాగానే ఉంటుంది. చూడాల్సింది ట్రాన్సమ్. ఫైబర్ పొరల మధ్య అక్కడ ప్లైవుడ్ ఉంటుంది. ఇంజను బోల్టులకీ నీళ్లు వదిలే బిరడాకీ వేసిన రంధ్రాలకి సీలెంటు సరిగ్గా పెట్టకపోతే నీళ్లు లోపలికి దిగి ప్లైవుడ్ మెత్తబడి కుళ్లిపోతుంది. బయట నుంచి చూస్తే ఏమీ తెలియదు. చెక్క సుత్తితో అంగుళం అంగుళం తట్టుకుంటూ వస్తే గట్టి చోట ఠంగుమంటుంది, కుళ్లిన చోట మొద్దుగా మూగగా పలుకుతుంది. ఇంకో పరీక్ష: ఇంజను కింది కొసని రెండు చేతులా పట్టుకుని గట్టిగా పైకీ కిందకీ ఊపాలి. ట్రాన్సమ్ కూడా దానితో ఊగితే, మూలల్లో వెంట్రుక లాంటి పగుళ్లు విచ్చుకుంటే, ఆ బోటు మీద 40 హార్స్ పవరు పెట్టకూడదు. బాగు చేయొచ్చు: లోపలి ఫైబర్ పొర కోసి, కుళ్లిన చెక్కంతా తీసి, ఆరిన మెరైన్ ప్లై వేసి, మ్యాటూ రెజినూ పొరలు పొరలుగా పరచాలి. వానాకాలంలో మాత్రం ఆ పని పెట్టుకోకూడదు. చెమ్మ పట్టిన చెక్క మీద రెజిన్ అతకదు. చాలామంది ఇంత చేయరు. పైన పుట్టీ రాసి రంగేసి రేవులో పెడతారు. కొత్త రంగు ట్రాన్సమ్ మీద ఒక్కచోటే కనిపిస్తే సుత్తి అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

బోటు తేలడానికి ఫ్లోరు కింద నింపిన ఫోము సంగతి ఇంకా ఎవరికీ పట్టదు. డ్రెయిన్ బిరడా తీసి ముక్కు ఎత్తి పెట్టినా గంటల తరబడి నీళ్లు కారుతూనే ఉంటే ఫోము నీళ్లు తాగిందని అర్థం. లీటరు నీళ్లు కిలో బరువు. వంద లీటర్లు తాగిన బోటు ఖాళీగా ఉన్నా ఒకటిన్నర మనిషిని మోస్తూ తిరుగుతున్నట్టే. ఆ బోటు నీళ్ల మీదకి లేచి పరుగెత్తదు. తప్పు ఇంజను మీదకి పోతుంది, కొనేవాడు "ఇంజను లాగట్లేదండి" అని ఇరవై వేలు తగ్గిస్తాడు.

పోటు ఎక్కేసరికి ఎండ ముదిరింది. ఇంజను మూత తీయగానే వేటాయన సిలిండరు మీద చెయ్యి పెట్టి చూశారు. తెలిసిన మనిషి. కొనేవాడు రాకముందే వేడి చేసి ఉంచిన ఇంజను ఒక్క లాగుడికే అందుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఎన్ని లాగుళ్లకి అందుకుంటుందో అదీ దాని అసలు వయసు. తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లో పుట్టే ఒత్తిడి. రెండు ప్లగ్గులూ తీసి, ప్లగ్గు వైర్లు ఎర్తుకి తగిలించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి బిగించి నాలుగైదు సార్లు తాడు లాగాలి. అంకె ఇంతే ఉండాలని అన్ని ఇంజన్లకీ ఒకే మాట చెప్పలేం. రెండు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే అనుమానించాలి. ఒకటి 110, ఇంకొకటి 85 వస్తే రింగులో, సిలిండరో పోయిందన్నమాట, బేరం అక్కడితో ఆపేయొచ్చు.

గేరు ఆయిలు చూడ్డం రెండు నిమిషాల పని. కింది స్క్రూ కొంచెం వదులు చేస్తే రెండు చుక్కలు వస్తాయి. తెల్లగా నురగ కట్టి ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. మన పాయల్లో దీనికి మొదటి కారణం వలల దారం. తెగిన నైలాను దారం ప్రొపెల్లరు వెనక షాఫ్టుకి చుట్టుకుని ఆయిల్ సీలు కోసేస్తుంది. ప్రొపెల్లరు ఊడదీసి దారం తీసేయడం నెలకోసారి చేసుకోవాల్సిన పని, షికారు బోట్లలో ఎవరూ చేయరు. సీలు చవకే. నీళ్లతో తుప్పు పట్టిన గేర్లే ఖరీదు.

ఇంజనుని చల్లబరిచి వెనక నుంచి సన్నగా కొట్టే నీటి ధార బలంగా ఉండాలి. గోదారి వండ్రు నీళ్లు పంపులోని రబ్బరు ఇంపెల్లర్ని అరగదీస్తాయి, దాని చుట్టూ ఉండే గిన్నెని గీకేస్తాయి. ఇంపెల్లరు ఒక్కటే మార్చి గీతలు పడ్డ గిన్నె అలాగే వదిలేస్తే ధార మళ్లీ పలచబడుతుంది. "మా బోటు ఉప్పునీళ్లలోకి వెళ్లలేదండి" అని అమ్మేవాళ్లు ప్రమాణం చేస్తారు. ఎండాకాలం ఏట్లో నీళ్లు తగ్గినప్పుడు పోటుతో ఉప్పు పాయల్లో చాలా దూరం ఎగదన్నుతుంది, బోటు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. సాయంత్రం మంచినీళ్ల డ్రమ్ములో పది, పదిహేను నిమిషాలు నడిపి కడిగే అలవాటు ఉందా లేదా అన్నది థర్మోస్టాట్ మూత తీసి లోపల ఉప్పు పేరుకుందేమో చూస్తే కనబడుతుంది.

ఈ ఇంజను నిలకడగా తిరగలేదు, ఐడిలింగులో ఎక్కుతూ దిగుతూ ఉంది. కార్బురేటరు జెట్టు, అంటే పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం, పూడింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. మన కోనసీమలో చెమ్మకి కరువా? నెలల తరబడి ట్యాంకులో నిలవున్న పెట్రోల్లో నీళ్లు విడిపోయి అడుగుకి చేరతాయి, పాత గొట్టాలు మెత్తబడతాయి, జెట్లలో జిగురు పేరుకుంటుంది. చాలా ఔట్‌బోర్డులకి పది శాతానికి మించి ఇథనాల్ వద్దనే వాటి పుస్తకాల్లో ఉంటుంది. అమ్మకానికి పెట్టిన బోటు నెలలపాటు నిలబడుతుంది కాబట్టి ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరు గిన్నె ఒంపేసి ఉంచాలి. చూపించే రోజు కొత్త పెట్రోలు, అందులో కలపడానికి తగ్గ ఆయిలు. 50కి 1 అని ఉన్న ఇంజనుకి లీటరుకి 20 మిల్లీలీటర్లు, అదీ ఔట్‌బోర్డు ఆయిలే. బైకు ఆయిలు పోస్తే మసి పడుతుంది.

ట్రయలు వేసేటప్పుడు వేగం ఏటికి ఎదురు వెళ్తూ ఒకసారి, ఏటి వాలున ఒకసారి ఫోన్లో చూసి సగటు తీయాలి. ఒకవైపే చూపించి "చూశారా ఎంతొచ్చిందో" అనేవాళ్లుంటారు, అందులో సగం గోదారి చలవే.

మధ్యాహ్నం కాకినాడ నుంచి డీలరు ఫోను. ఎక్స్‌ఛేంజికి తొంభై వేలు ఇస్తానన్నాడట. యజమాని మొహం వెలిగింది. ఆ లెక్క ఇలా వేయాలి: కొత్తది 4 లక్షలనుకుంటే, పాతది ఇవ్వకుండా నగదుకి కొంటే ఎంత తగ్గిస్తారో ముందు అడగాలి. 30 వేలు తగ్గిస్తే, ఎక్స్‌ఛేంజిలో ఆ తగ్గింపు లేకపోతే, పాతదానికి నిజంగా ఇచ్చింది 60 వేలే. పైగా డీలరు అడిగేది ఇంజను ఒక్కటే. బాడీ రేవులోనే మిగిలిపోతుంది, ఇంజను లేని బాడీకి ట్రయలు వేసే దారి లేదు కనుక దానికి ధర ఇంకా పడిపోతుంది.

కాలం కూడా చూసుకోవాలి. సముద్రంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ రోజుల్లో అమ్మేవాళ్లే అందరూ, చేతిలో డబ్బుండే కొనేవాళ్లు తక్కువ. వరదల్లో ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక పడితే లంకల నుంచి ఫోన్లు మోగుతాయి గానీ అవన్నీ అద్దెకే. వేటవాళ్లకి ఇంజను అమ్మాలంటే వేట మళ్లీ మొదలయ్యే ముందు, అంటే జూన్ మొదటి వారం, షికారు బోటైతే సంక్రాంతికి నెల ముందు.

కాగితాల దగ్గర వేటాయనకీ రైతుగారికీ ఒకటే అనుమానం. ఈ బోటు నంబరు జనాన్ని ఎక్కించుకునే బోటుగా తీసుకున్నది. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం దీనికి వర్తిస్తుంది, సర్వే సర్టిఫికెట్టు నడుస్తూ ఉండాలి. వేట బోట్లకి మత్స్యశాఖ రిజిస్ట్రేషను వేరు. ఒక నంబరు ఇంకో పనికి చెల్లదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగాక జనం ఎక్కే బోట్ల తనిఖీలు బిగిశాయి, గడువు తీరిన సర్టిఫికెట్టుతో షికారు బోటుగా అమ్ముకుందామంటే కుదరదు. సబ్సిడీ బోటైతే మంజూరు కాగితంలో అమ్మకం మీద షరతులున్నాయేమో చదవాలి. బ్యాంకు అప్పుంటే ఎన్‌ఓసీ కావాలి. ఇంజను బ్రాకెట్టు మీది సీరియల్ నంబరు బిల్లుతో కలవాలి. ఆ ప్లేటు రివెట్లు కొత్తగా మెరుస్తుంటే అడగాల్సిన ప్రశ్నలు వేరే.

సాయంత్రానికి తేలింది ఇది: ముందు బాడీ ఖరారు చేసుకోవాలి, ఇంజను దాని మీదుండగానే. ఇంజను స్టాండు మీద పెట్టినా ఎప్పుడైనా అమ్ముడుపోతుంది. రైతుగారు బయానా ఇస్తామన్నారు. లంగరు, తాడు, లైఫ్ జాకెట్లు బాడీతో. పెట్రోలు ట్యాంకూ, బల్బున్న గొట్టమూ తనకే కావాలని పట్టుబట్టారు గానీ అవి ఇంజనుతోనే పోవాలి. గొట్టం చివర కనెక్టరు కంపెనీకో రకం, వేరే ఇంజనుకి తగలదు. స్టీరింగు, కేబుళ్లు రైతుగారికీ పనికిరావు, వేటాయనకీ పనికిరావు. వాటిని విడిగా రాసి పెట్టాం. శనివారం పాటు పదిన్నర ప్రాంతంలో, రైతుగారు అప్పుడు వడ్రంగిని తీసుకొస్తారట.

"ఆయ్, సుత్తి కూడా తెమ్మంటానండి," అన్నారు పంటు ఎక్కుతూ.