బొంత ముందు, బల్ల తరవాత

నవంబరు రెండో ఆదివారం. పొద్దున్నే ఎండ కాసింది, గాలి లేదు. టోక్యోలో కొతత్సు (కాళ్ళు వెచ్చబెట్టుకునే పొట్టి బల్ల) బొంతలు ఎండేయడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. ఎడో కాలంలో (1603-1868) కొతత్సు తెరవడానికీ ముహూర్తం ఉండేది. రోజులకి పన్నెండు జంతువుల పేర్లు వరసగా తిరిగే పాత పంచాంగంలో, పదో నెలలో వచ్చే అడవిపంది రోజున ఆ చలికాలపు కొతత్సు మొదలుపెడితే ఇల్లు అంటుకోదని నమ్మేవారు. మొదటి పంది రోజు సమురాయ్ ఇళ్ళకి, పన్నెండు రోజుల తరవాత వచ్చే రెండోది మామూలు జనానికి. ఇప్పుడు వాతావరణ సూచన ఒక్కటే పంచాంగం.

కొతత్సు గురించి వినని వాళ్ళకి రెండు ముక్కలు. మూరెడు ఎత్తు కూడా ఉండని పొట్టి బల్ల. చట్రానికి లోపలి వైపు హీటరు, చట్రం మీద నలువైపులా నేలకి జారే పెద్ద బొంత, ఆ బొంత మీద విడిగా పెట్టే పలక. కాళ్ళు బొంత కింద పెట్టుకుని కూర్చోవడమే. మన దగ్గర బాలింత మంచం కింద కుంపటి పెట్టేవారే, ఇంచుమించు ఆ సూత్రమే. మురోమాచి కాలంలో (1336-1573) ఇంటి నడుమ ఉండే నేలపొయ్యి నిప్పుల మీద చెక్క చట్రం పెట్టి బట్ట కప్పడంతో ఇది మొదలైంది. బొగ్గులున్నన్నాళ్ళూ మంట భయం, విషవాయువు భయం తప్పలేదు. 1957లో తోషిబా కరెంటు హీటరును నేల మీద కాకుండా చట్రం లోపల పైవైపున బిగించి అమ్మింది. కింద కాళ్ళు చాపుకునే చోటు అప్పుడు వచ్చింది. మొదట్లో హీటరు వెలుగు ఎర్రగా ఉండేది కాదు, ఇది నిజంగా వెచ్చగా ఉంటుందా అని జనం అనుమానపడ్డారు. ఎర్రరంగు పులిమాక అమ్మకాలు పెరిగాయి. ఒంటికి తగిలే వేడిలో ఎక్కువ భాగం కంటికి కనిపించని కిరణాలదే, ఆ ఎరుపు మన తృప్తి కోసం.

కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందు బల్ల చూస్తారు, తరవాత హీటరు వాట్లు చూస్తారు, చివరికి మిగిలిన డబ్బుతో ఏదో ఒక బొంత తెచ్చుకుంటారు. ఇది తలకిందుల బేరం. కొతత్సు గదిని వేడి చెయ్యదు, బొంత కింద ఉన్న కాస్త గాలిని చేస్తుంది. ఆ గాలి బయటికి పోకుండా ఆపేది బొంతే. బొంత సరిగ్గా ఉంటే హీటరు కాసేపు వెలిగి థర్మోస్టాట్ దగ్గర ఆగిపోతుంది. బొంత పొట్టిదైతే ఎన్ని వాట్లున్నా వెలుగుతూనే ఉంటుంది, కాళ్ళ మీద చలిగాలి మాత్రం ఆగదు.

లెక్క చాలా చిన్నది. బల్ల 75 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 38 అనుకుందాం. బొంత 190 చదరమైతే ఒక్కో వైపు 57 మిగులుతుంది. అందులో 38 కిందికి వేలాడటానికి పోతే నేల మీద పరుచుకునేది 19, అంటే జానెడు. మనిషి మోకాళ్ళు లోపల పెట్టగానే బొంత లేస్తుంది, ఆ జానెడులో సగం పోతుంది. అదే 205 బొంతైతే నేల మీద 27 ఉంటుంది. ఒడిలోకి లాక్కున్నా పక్కల సందులు పడవు. బల్ల కోళ్ళ కింద 5 సెంటీమీటర్ల దిమ్మలు పెట్టి ఎత్తు పెంచితే ఆ 5 కూడా బొంతలోంచే తీసెయ్యాలి. దీన్ని మర్చిపోయి దిమ్మలు బిగించాక, నిరుటి బొంతకి ఈ ఏడు ఏమైందని తల గోక్కునేవాళ్ళు చాలామంది. 105×75 బల్లకి 205×245 బొంత సరిపోతుంది. 120×80కీ అదే వేస్తారు గానీ, కాస్త పిసినారితనం కనిపిస్తుంది.

మరి అందరూ పెద్ద బొంతే కొనొచ్చుగా అంటే, గది ఒప్పుకోదు. ఆరు తతామీల (నేలంతా పరిచే మందపాటి గడ్డి చాపల) గది అంటే సుమారు 9.7 చదరపు మీటర్లు. 205×245 బొంత పరిస్తే అందులో సగం అదే. తలుపు తెరిచినప్పుడల్లా అంచు ఇరుక్కుంటుంది, నడిచేవాళ్ళు తొక్కుతారు. అందుకే మూలలు కత్తిరించి పల్చగా కుట్టిన ఇరుకింటి బొంతలు వచ్చాయి. ఒక్కరుండే అపార్ట్‌మెంటుకి అవి బాగానే ఉంటాయి. నలుగురు కూర్చునే ఇంటికి మాత్రం వద్దు, మూలల దగ్గరే వేడి కారిపోతుంది.

పదింటికి బొంత ఎండలో పడింది. రెండు గంటలు ఒక వైపు, రెండు గంటలు రెండో వైపు. మూడు దాటాక తీసేస్తే మంచిది, సాయంత్రం తేమ మళ్ళీ పట్టేస్తుంది. ఎండేసినంత సేపూ కర్రతో బాదడం అలవాటు కొందరికి. దుమ్ము పోవడం మాట అటుంచి, లోపలి దూది పోగులు తెగుతాయి. చేత్తో దులిపి వాక్యూమ్ క్లీనర్ పట్టిస్తే చాలు. కూరల మరకల భయం ఉన్న ఇంట్లో (మనవాళ్ళ ఇళ్ళన్నీ అలాంటివే, పసుపు మరక బొంత మీద పడితే ఇక అంతే) గలేబు తప్పనిసరి. నాలుగు మూలలా ముడి వేసుకునే తాళ్ళున్న గలేబు చూసుకోవాలి. తాళ్ళు లేనిదైతే వారం తిరక్కుండా లోపల బొంత ఉండచుట్టుకుపోతుంది.

బొంత ఎండుతున్నంతలో కింద పరిచేవాటి పని. దీన్ని చాలామంది వదిలేస్తారు. వేడి పైకి పోతుందని మాత్రమే అనుకుంటారు గానీ, హీటరు పైనుంచి కిందికి చూస్తుంది. ఆ వేడిని నేల లాగేసుకుంటుంది. తతామీ అయితే కొంత నయం, చెక్క నేలకి పరుపు లేకపోతే చాలా కరెంటు నేలపాలే. అట్టడుగున అల్యూమినియం పూత ఉన్న పల్చటి షీటు, దాని మీద దూది పరుపు. పరుపు పై బొంత కంటే చిన్నగా ఉన్నా ఫర్వాలేదు, కూర్చునే చోటు దాకా రావాలి.

మధ్యాహ్నం చట్రం తిరగేసి హీటరు చూడటం. మామూలు హీటరు పెట్టె 29 సెంటీమీటర్ల చదరం, నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. వేడెక్కడం, చల్లారడం అలవాటైన చెక్కలో ఈ స్క్రూలు ఏడాదికోసారి వదులవుతాయి. బిగించాలి, చెక్క చిట్లేంతగా కాదు. జాలీ సందుల్లో పేరుకున్న నూగు, పిల్లి వెంట్రుకలు వాక్యూమ్ క్లీనర్‌తో లాగెయ్యాలి. ఏటా మొదటిరోజు వచ్చే కమురు వాసన ఈ నూగుదే. శుభ్రం చేసిన పావుగంటకి కూడా వాసన తగ్గకపోతే, లేదా ప్లాస్టిక్ కాలిన వాసనైతే, ప్లగ్గు పీకేసి ఆ హీటరు మీద ఆశ వదులుకోవడమే. ఈ నూగు కాక, జాలీ మీద తయారీలోనే మఖ్మలులా ఒక పూత అద్ది ఉంటుంది. మోకాలు తగిలినా చుర్రుమనకుండా ఉండటానికి అది. అది రాలిపోయి ఇనుము బయటపడితే హీటరు మార్చే సమయం వచ్చినట్టే. బల్ల మార్చక్కర్లేదు, హీటరు విడిగా దొరుకుతుంది. చట్రంలో చోటు కొలుచుకుని వెళ్ళాలి.

హీటర్లలో ఏది మేలంటే, రోజూ సాయంత్రమంతా కూర్చునే ఇంటికి క్వార్ట్జ్ గొట్టం. మెల్లగా వేడెక్కుతుంది, ధర తక్కువ, మొండిది. హాలోజెన్, కార్బన్ వెయ్యగానే వెచ్చబడతాయి. ఇంటికి వచ్చి అరగంట కూర్చుని లేచేవాళ్ళకి అవి. పలకలా ఉండే పల్చటి హీటరు వాట్లలో తక్కువే గానీ పొడుగు మనుషులకి వరం, మోకాలికీ హీటరుకీ మధ్య నాలుగు వేళ్ళ చోటు అదనంగా దొరుకుతుంది. మఠం వేసుకుని కూర్చునే అలవాటున్న మనకి ఈ సంగతి జపాన్ వాళ్ళకంటే ఎక్కువ అవసరం. 35 ఎత్తు బల్ల కింద బాసింపట్టు వేస్తే మోకాళ్ళు జాలీకే. కొనేముందు కొట్లో సిగ్గుపడకుండా కింద కూర్చుని చూసుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే కుర్చీలతో వాడే ఎత్తు కొతత్సు వేరే ఉంది, సుమారు 65-70 సెంటీమీటర్లు. దాని బొంత వేరే కొలత, పొట్టిదాని బొంత దానికి పనికిరాదు.

వైరు గురించి ఒక హెచ్చరిక. చాలా కొతత్సుల్లో వైరు ఊడి వస్తుంది, మధ్యలో వేడి తగ్గించే మీట ఉంటుంది. పాత వైరు పాడైతే చూడటానికి అలాగే ఉందని ఇంకో హీటరు వైరు పెట్టకూడదు. మీట లోపలి అమరిక హీటరును బట్టి మారుతుంది. హీటరు మీద అచ్చువేసిన మోడల్ నంబరు చూసి దానికి చెప్పిన వైరే తేవాలి. వైరు చచ్చేది ఎక్కువగా రెండు చోట్ల, మీట మొదట్లో, బల్ల కోడు కింద నలిగిన చోట. ఆ నలిగిన చోటే మంటలు మొదలయ్యేది కూడా. కోడు దింపేటప్పుడు ఒక్కసారి వంగి చూస్తే సరిపోతుంది.

నాలుగింటికి అమరిక. పరుపు, దాని మీద చట్రం, వైరు బయటికి తీసి గోడవైపు, బొంత, చివరికి పలక. పలకని చాలా రకాల్లో ఏదీ పట్టి ఉంచదు, దాని బరువే ఆధారం. అంచు మీద చెయ్యి ఆనించి లేస్తే అవతలి వైపు లేచి టీ కప్పులన్నీ ఒళ్ళోకి వస్తాయి. పల్చటి రబ్బరు బిళ్ళలు నాలుగు మూలలా పెడితే జారడం తగ్గుతుంది.

మీట పూర్తిగా తిప్పి పదిహేను నిమిషాలు, తరవాత సగానికి. హీటరు మీద 510 వాట్లని రాసి ఉంటుంది గానీ, థర్మోస్టాట్ ఆపుతూ వెలిగిస్తూ ఉండటంతో గంటకి సగటున ఎక్కువ వేడిలో 160 నుంచి 200 వాట్-అవర్లు, తక్కువలో 80 దాకా కాలుతుంది. గంటకి 160 చొప్పున అయిదు గంటలంటే 0.8 యూనిట్. జపాన్‌లో లెక్కలకి వాడే యూనిట్‌కి 31 యెన్‌లతో చూస్తే సుమారు 25 యెన్‌లు. చలికాలం కరెంటు బిల్లు భయపెట్టే దేశంలో ఇది నిలబడ్డ కారణం ఇక్కడుంది. ఇళ్ళు గట్టిగా కట్టి గదులన్నీ వేడి చేసుకునే ఉత్తరపు దీవి హొక్కైదోలో కొతత్సులు తక్కువ. ఉత్తరాన చలి ఎక్కువ కాబట్టి అక్కడ ఎక్కువుంటాయనుకోవడం పొరపాటు.

రాత్రి భోజనం కొతత్సు మీదే అయితే ఇంకో లెక్క. గోడ ప్లగ్గు ఒక్కోదానికి 1500 వాట్లే. బల్ల మీద 1400 వాట్ల ఇండక్షన్ స్టవ్ పెట్టి, అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కొతత్సు తగిలిస్తే మీటలు రెండూ వెలిగిన నిమిషాన 1900 దాటుతుంది. బోర్డు కరిగిపోవచ్చు. కొతత్సుని నేరుగా గోడకే పెట్టి, స్టవ్‌కి వేరే గోడ చూసుకోవాలి. వండుతున్నంతసేపూ కొతత్సు ఆపేసినా ఎవరూ గమనించరు, బొంత వెచ్చదనం అలాగే ఉంటుంది.

దీని లోపం వీపు. ముందంతా కొలిమి, వెనకంతా చలి. దూది కుట్టిన పొట్టి కోటు హంతెన్ గానీ, కాళ్ళు లేని కుర్చీ గానీ లేకుండా సాయంత్రమంతా కూర్చోవడం కష్టం. రెండో లోపం లేవబుద్ధి కాకపోవడం. నత్తలా బొంతలోంచి తల మాత్రమే బయటపెట్టే మనిషికి జపనీయులు కొతత్సుమురి అని పేరు పెట్టారు, నత్త పేరు కతత్సుమురికి ముడేసి. నవ్వులాటే గానీ లోపల నిద్రపోవడం నవ్వులాట కాదు. 50 డిగ్రీలు తగిలితే రెండు మూడు నిమిషాల్లో చర్మం కాలుతుంది, 44 డిగ్రీలైతే మూడు నాలుగు గంటల్లో. ఆ రెండోది మెలకువలో తెలుస్తుంది, నిద్రలో తెలియదు. చక్కెర వ్యాధితో పాదాలకి స్పర్శ తగ్గినవాళ్ళకి మెలకువలోనూ తెలియదు. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలని కూర్చోబెట్టినప్పుడు మీట తక్కువలో ఉంచి, గంటకోసారి కాళ్ళు బయటికి తీయించడం మంచిది. పసిపిల్లల్ని లోపల పడుకోబెట్టొద్దు. తడి మేజోళ్ళు లోపల ఆరేసే సరదా కూడా వద్దు, హీటరు మీదికి ఎగబాకిన బట్ట వల్లే ప్రమాదాలు. పిల్లి ఉంటే మీట వెయ్యకముందు బొంతెత్తి చూడటం, వేశాక ఒక మూల కాస్త ఎత్తి ఉంచడం.

తిరిగి ఇండియా వెళ్ళేవాళ్ళు అడిగేది, పట్టుకెళ్ళొచ్చా అని. బల్ల, బొంత నిక్షేపంగా. హీటరు దగ్గరే తిరకాసు. అది 100 వోల్టుల కోసం చేసింది, మన గోడలో 230. పిన్ను మార్చే అడాప్టరు వోల్టేజీ మార్చదు. అలాగే గుచ్చితే వాట్లు వోల్టేజీ వర్గంతో పెరుగుతాయి, అంటే అయిదు రెట్ల పైన. 500 వాట్ల హీటరు 2600 వాట్లు లాగుతుంది, క్షణంలో ఫ్యూజు పోతే అదృష్టం, పోకపోతే బొంత. 230 నుంచి 100కి దించే ట్రాన్స్‌ఫార్మరు కావాలి. 500 వాట్లకి కనీసం 750, నిశ్చింతగా 1000 వీఏ (ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యపు కొలత), ఆగకుండా నడిచే రకం. అదీ బరువైనది, వేడెక్కుతుంది, బొంత కింద పెట్టకూడదు. హైదరాబాదు జనవరికి ఇంత అవసరమా అంటే కాదు. లంబసింగిలో ఇల్లున్నవాళ్ళు ఆలోచించొచ్చు. ఎక్కడైనా సరే మన గ్రానైట్, మార్బుల్ నేలల మీద కింది పరుపు లేకుండా మాత్రం పెట్టొద్దు. ఎంత వేడినైనా మింగేస్తాయవి.

పదకొండింటికి మీట ఆపి, ప్లగ్గు పీకి, బొంత ఒక అంచు పలక మీదికి మడిచి పెట్టడం. మడవకుండా మూసే ఉంచితే ఒంటి చెమట పరుపులో నిలిచి, తతామీకి బూజు పడుతుంది. మికాన్ (చిన్న కమలాపళ్ళు) తొక్కలు ఏరెయ్యాలి, ఎప్పుడూ ఒకటి పరుపుకీ కోడుకీ మధ్య దాక్కుంటుంది.