ఆరింటికి గాంధీ గారి దగ్గర

మన బ్యాచ్‌లో మేస్త్రి అని పిలుచుకునేవాడు మూడోసారి ఫోన్ చేశాక ఇక తప్పలేదు. "కాలిఫోర్నియాలో, ఫ్రెస్నోలో మనం చదివిన రోజుల మీద ఒక పేజీ రాసియ్యి. ఫైర్ ఇంజన్ సంగతి మాత్రం వద్దు, ఇప్పటికే నలుగురు రాశారు" అన్నాడు. సరే, రాయను. ఆ మొక్కజొన్న పొత్తులు కాల్చిన మహానుభావుడు ఎవరో అందరికీ తెలిసిందే.

1997లో మన దగ్గర సెల్‌ఫోన్లెక్కడివి? "ఆరింటికి గాంధీ గారి దగ్గర" అంటే చాలు, అందరం అక్కడుండేవాళ్లం. క్యాంపస్‌లో ఆ తోటని పీస్ గార్డెన్ అని పేరు పెట్టి పిలిచినవాడు మనలో ఒక్కడూ లేడు. సోషల్ వర్క్ ప్రొఫెసర్ సుదర్శన్ కపూర్ గారి చొరవతో 1990లో గాంధీ విగ్రహం పెట్టారనీ, తోట అలా మొదలైందనీ నాకు తెలిసింది చదువయ్యాకే. మనకది పులిహోర డబ్బా విప్పే చోటు, మన దొర కారు కోసం పడిగాపులు కాసే చోటు. 1996లో పెట్టిన సీజర్ చావెజ్ విగ్రహాన్ని మన బాతు "గాంధీ గారి పక్కింటాయన" అన్నాడు. మన బ్యాచ్‌కి ఆయన పేరు అదే అయిపోయింది.

ఆ పక్కింటాయన ఎవరో నాకు చెప్పింది తోట తాత. అవును, మనం సిగరెట్ పీకలు పారేస్తే చీపురు చూపించే తాతే. మొదటి అక్టోబర్‌లో ఒకరోజు ద్రాక్షపళ్లు తింటూ ఒక్కణ్నే కూర్చున్నాను. వచ్చి పక్కన కూలబడ్డాడు. "మా ఇంట్లో ఐదేళ్లు ద్రాక్ష ముట్టలేదు, మిహో" అన్నాడు. మిహో అంటే స్పానిష్‌లో నాయనా అని. 1965 సెప్టెంబర్‌లో డెలానో తోటల్లో ముందు ఫిలిప్పీన్స్ కూలీలు పని ఆపేశారట. వారం దాటాక చావెజ్ నడిపే పొలం కూలీల సంఘం మనుషులూ కలిశారు. మరుసటి ఏడు రాష్ట్ర రాజధాని శాక్రమెంటో దాకా మూడొందల మైళ్లు నడిచారు. ద్రాక్ష తోటల యజమానులు ఒప్పందాల మీద సంతకాలు పెట్టేసరికి 1970 వచ్చింది. అంతకుముందు 1962లో ఆ సంఘం నల్ల గద్ద జెండా మొదటిసారి ఎగిరింది మన ఫ్రెస్నోలోనే.

తర్వాత మోచేతి నుంచి వేళ్ల దాకా చూపించి, "మా అమ్మ పార కర్ర ఇంతే" అన్నాడు. అంత పొట్టిదైతే రోజంతా వంగే ఉండాలి. ఎవరైనా నడుం ఎత్తితే మేస్త్రీకి దూరం నుంచే కనపడుతుంది. (మన మేస్త్రి కాదు లెండి.) 1975లో కాలిఫోర్నియాలో ఆ పారను నిషేధించారు. "అప్పటికే అమ్మ నడుం పోయింది" అన్నాడు.

మీకందరికీ నేను మాది వ్యవసాయం అని చెప్పాను. అబద్ధం కాదు, కానీ పొలం మాది కాదు. మా అమ్మ మిరప చేలో కలుపు తీసేది, కూలికి. ఆ ముక్క మొదటిసారి పైకి అన్నది ఆ బెంచీ మీద, నా వచ్చీరాని ఇంగ్లీషులో, తాతతో. ఆయన జాలిపడలేదు. "రోజుకెంతిస్తారు?" అని అడిగాడు. లెక్క కట్టి చూస్తే డాలర్ కూడా లేదు. తల అడ్డంగా ఊపి, నా సంచిలోంచి నాలుగు పళ్లు తీసుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆరింటికి మీరంతా వచ్చారు. నేనేం చెప్పలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నర ఏం చేశానో గుర్తు లేదు. పొగమంచు, ల్యాబ్, గిన్నెలు కడగడం, పట్టా.

ఇప్పుడు శాన్ హోసేలో బాగానే ఉన్నాం. ఊళ్లో అమ్మ పేరు మీద మూడెకరాలు కొన్నాను, మిరపే వేస్తున్నారు. 2011లో అమ్మ వచ్చినప్పుడు ఫ్రెస్నో తీసుకెళ్లాను. తాత లేడు. మనం చేరినప్పటికి లేని మార్టిన్ లూథర్ కింగ్, సంఘ సేవకురాలు జేన్ ఆడమ్స్ విగ్రహాలు కూడా ఉన్నాయి. అమ్మ గాంధీకి దణ్ణం పెట్టి, పక్కింటాయన ఎవర్రా అంది. పార సంగతి చెప్పాను.

"అదేం ఖర్మరా, పొడుగు కర్ర వేయించుకుంటే పోయేదిగా?" అంది.

ఆవిడకి జవాబు చెప్పి ఒప్పించేసరికి కారు తిరుగు దారిలో మడేరా ఊరు దాటింది.