బుగత కుర్చీ, కంబారి గొంతు, మైకు ఎత్తు

నాటక పరిషత్తు పోటీల్లో పల్లెటూరి నాటిక ఏదైనా చూడండి. తెర లేచేసరికి బుగత, అంటే భూస్వామి, కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉంటాడు. కంబారి, అంటే అతని పాలేరు, మెట్టు దిగువన గొంతుక్కూచుని ఉంటాడు. రాసినవాడు కంబారి పక్షం, ఆడించేవాడు కంబారి పక్షం, ముందు వరసల్లో తప్ప చూసేవాళ్ళూ కంబారి పక్షమే. మైకు మాత్రం బుగత పక్షం.

ఎకసెక్కం కాదు, కొలతల లెక్క. పైనుంచి వేలాడదీసిన మైకు వేదిక మట్టానికి 8 అడుగుల ఎత్తున ఉందనుకుందాం. నిలబడ్డ నటుడి నోరు సుమారు 5 అడుగుల దగ్గర ఉంటుంది కాబట్టి మైకుకి దూరం 3 అడుగులు. కుర్చీలో ఉన్నవాడికి ఆ దూరం 4 అవుతుంది. నేల మీద కూచున్నవాడి నోరు రెండున్నర అడుగుల దగ్గరే కాబట్టి దూరం అయిదున్నర. దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెళ్ళు పడిపోతుంది. ఆ లెక్కన నిలబడ్డవాడికీ నేల మీదవాడికీ మధ్య 5 డెసిబెళ్ళ పైచిలుకు తేడా, బుగతకీ కంబారికీ మధ్య దాదాపు 3. దీనికి తోడు కంబారి తల వంచుకుని మాట్లాడతాడు. ఆ మాట నేలకి పోతుంది గాని పైకి రాదు.

ఇక్కడ ఆపరేటరు చేసే పని ఒకటుంది. మాట అందలేదని ఫేడరు, అంటే మిక్సరు మీద శబ్దం పెంచే మీట, పైకి తోస్తాడు. కంబారి గొంతుతో పాటు ఫ్యాన్ల రొద, వింగుల్లో గుసగుసలు, జనరేటరు గురగుర అన్నీ పైకొస్తాయి. స్పీకరు శబ్దం తిరిగి మైకులోకి చేరి పుట్టే కూత ఒక్కటి వినబడగానే భయపడి దించేస్తాడు. ఆ దించిన చోటే నాటకం చివరిదాకా ఉండిపోతుంది. మర్నాడు న్యాయనిర్ణేత కాయితంలో కంబారి వేసిన కుర్రాడికి ‘వాచికం స్పష్టత లేదు’ అని ఉంటుంది. తప్పు గొంతుది కాదు, తాడు పొడవుది.

మైకులు పెంచేస్తే సరిపోతుందనుకునేవాళ్ళు ఎక్కువ. అది పనిచెయ్యదు. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కూత రాకుండా మనం పెంచుకోగల శబ్దం 3 డెసిబెళ్ళు తగ్గిపోతుంది. మూడు మైకులతో వినబడని మాట ఆరు మైకులతో ఇంకా వినబడదు. మైకుల మధ్య దూరం, నోటికీ మైకుకీ ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లుండాలి. నోటికి 3 అడుగులైతే మైకుకీ మైకుకీ మధ్య 9. అంటే 30 అడుగుల వేదికకి మూడే చాలు. దగ్గరదగ్గరగా పెడితే ఒకే మాట రెండు మైకుల్లోకి రెండు క్షణకాలాల్లో చేరి, కుండలోంచి మాట్లాడినట్టవుతుంది.

నేల మీద పాత్ర ఉందంటే వేదిక ముందంచున ఒక నేల మైకు కావాలి. కింద అరంగుళం స్పాంజి షీటు వెయ్యాలి, లేకపోతే అడుగుల చప్పుడంతా పిడుగులే. మిక్సరులో ఆ ఒక్క ఛానెలుకి 100 హెర్ట్జ్ దగ్గర లో కట్, అంటే అడుగు రొదని కోసేసే బటను, నొక్కాలి. కంబారిని ఆ మైకుకి 4 అడుగుల లోపల కూచోబెట్టాలి. అది కుదరకపోతే అడుగున్నర ఎత్తు అరుగు వేయించండి. సెట్టుకి అందం, మాటకి ఎత్తు. స్పీకర్లు మాత్రం మైకుల వరసకి ముందుండాలి, వెనక్కి ఒక్క అడుగు జరిగినా కూతే.

కాలరు మైకుల సంగతీ అంతే. బుగతకి చొక్కా ఉంది, గుండీ పక్కన క్లిప్పు పెడితే అయిపోయె. ఒంటి మీద తువ్వాలు తప్ప ఏమీ లేనివాడికి ఎక్కడ పెడతారు? తువ్వాలుకి పెడితే ప్రతి కదలికకీ బరబరా రాపిడి. తలగుడ్డ మడతలో, నుదుటికి పైన, ప్లాస్టరుతో అతికించాలి. కింద నూలుగుడ్డ పీలిక చుట్టకపోతే రెండో రంగానికి చెమట దిగి, మాట నీళ్ళలోంచి వస్తున్నట్టు వస్తుంది.

మైకు పరీక్ష చేసే పద్ధతి కూడా మార్చాలి. ఎవరో ఒకరు మైకు కిందికొచ్చి ‘హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ’ అంటారు. నాటకంలో ఆ డైలాగు ఎవరికీ ఉండదు. నాటిక మొత్తంలో అతి మెల్లగా పలికే మాట ఏదో చూసి, ఆ నటుడే అదే చోట కూచుని, మొహం అటే తిప్పి పలకాలి. ఫ్యాన్లు తిరుగుతూ ఉండాలి. అది చివరి వరసకి వినబడితే మిగతావన్నీ వినబడతాయి.

వినబడటం ఒక ఎత్తు, ఏ మాట వినబడుతోందన్నది ఇంకో ఎత్తు.

1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడినప్పుడు మైకు లేదు గాని, ఎవరి నోట ఏ తెలుగు రావాలన్న లెక్క గురజాడకి ఉంది. 1897లో అచ్చయినదాన్ని 1909 కూర్పులో దాదాపు తిరగరాసినప్పుడు ఆ లెక్క ఇంకా పదునెక్కింది. ఒక్కో పాత్రకి ఒక్కో నుడి. గిరీశం ఇంగ్లీషు కలిపేది భాష రాక కాదు, ఎదుటివాడి మీద స్వారీ చెయ్యడానికి. యాస అంటే అలంకారం కాదనీ, ఎవరికి ఎవరి మీద పెత్తనం ఉందో చెప్పేదనీ నూట పాతికేళ్ళ క్రితమే ఈ ఊరు చూసింది. ఆ తర్వాత సినిమాల్లోనూ నాటికల్లోనూ మన ఉత్తరాంధ్ర యాస నౌకరుకీ, నవ్వించేవాడికీ మిగిలింది. ఇప్పటికీ చాలా రాతప్రతుల్లో మేస్టారు, డాక్టరు, కలెక్టరు పత్రిక భాష మాట్లాడతారు. చీపురు పట్టుకున్నవాడే ‘ఏటి బావూ’ అంటాడు.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. రిహార్సల్లో కలెక్టరు డైలాగులన్నీ శ్రీకాకుళం మాటలో చదివించండి. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారా? నవ్వితే ఆ నవ్వు నాటకంలోని హాస్యానికి కాదు, యాసకే. అలాంటప్పుడు మీ నౌకరు పాత్రకి వస్తున్న చప్పట్లను కూడా అనుమానించాలి.

యాస రాయడంలో జరిగే పొరపాటు ఏమిటంటే, చకారాలన్నీ సకారాలు చేసి, వాక్యానికో ‘ఏటి’ తగిలిస్తే అయిపోయిందనుకోవడం. మన మాటకి ప్రాణం క్రియలో ఉంది. ‘తినీసినాను’, ‘వచ్చీసినాడు’, ‘ఎల్లిపోనాది’ అనే చోట ఆ దీర్ఘం పోతే మిగిలింది టీవీ యాస. ఊరంతా ఒకేలా మాట్లాడదు కూడా. అమ్మమ్మ ‘సేత్తన్నాను’ అంటుంది. డిగ్రీ చదివిన మనవరాలు ఇంట్లో ‘చేస్తన్నాను’, బ్యాంకులో ‘చేస్తున్నాను’ అంటుంది. ఆ మూడో రూపం ఏ వాక్యం దగ్గర నోట్లోకొస్తుందో రాయగలిగితే సగం నాటకం అక్కడే ఉంది. అక్షరక్రమం ఏదైనా ఒకటే పెట్టుకోండి. ఒక పేజీలో ‘సేత్తన్నాను’, ఇంకో పేజీలో ‘సేస్తన్నాను’ ఉంటే పట్నం కుర్రాడు రెండూ పలికి రెండింటికీ చెడతాడు. ముప్పై నలభై మాటల జాబితా రాతప్రతి మొదటి పేజీకే అంటించడం మేలు.

ఇప్పుడు కొత్తగా వచ్చిన దిద్దుబాటుదారు ఫోను. డైలాగు నోటితో చెబితే అదే టైపు చేస్తుందని యువ రచయితలు మురిసిపోతున్నారు. ‘ఏటి సేత్తన్నావు, బేగి రా’ అని చెప్పి చూడండి. మొదటి ముక్కని ‘ఏమి చేస్తున్నావు’ అని సంస్కరిస్తుంది. త్వరగా అని అర్థమిచ్చే ‘బేగి’ని ‘బ్యాగు’ చేసినా ఆశ్చర్యం లేదు. దానికి మన మీద కోపమేమీ లేదు. చెవిన పడ్డ ధ్వనికి, తాను నేర్చుకున్న రాతల్లో ఎక్కువగా కనబడే మాటని అంటగట్టడమే దాని పని. ఆ రాతలు ఎక్కువగా పత్రికలవీ వెబ్‌సైట్లవీ. వాటిలో ‘బేగి’ ఎన్నిసార్లు ఉంటుంది? కృత్రిమ మేధని శ్రీకాకుళం యాసలో సన్నివేశం రాయమంటే వచ్చేదీ ఇదే బాపతు. రెండు ‘ఏటి’లు, ఒక ‘ఒలమ్మా’, మిగతా అంతా కృష్ణా గుంటూరు వాక్యం. గిడుగు వారు వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టి, వాడుక మాట కోసం పండితులతో పోరాడారు, సవరల భాషకి నిఘంటువు కట్టారు. ఆయన ఎదిరించిన ఆ పండితుడు ఇప్పుడు జేబులోకొచ్చి కూచున్నాడు, పైగా చాలా మర్యాదగా దిద్దుతున్నాడు.

కాబట్టి యాస డైలాగు చేత్తోనే టైపు చెయ్యాలి. కీబోర్డులో ఆటో కరెక్షన్ ఆపేసి, ఆ నలభై మాటలూ వ్యక్తిగత నిఘంటువులో చేర్చేస్తే ఆ తర్వాత అదే ‘బేగి’ని చూపించడం మొదలెడుతుంది. నటుడు యాస నేర్చుకోడానికి పెద్దవాళ్ళ మాట రికార్డు చేసేటప్పుడు ఫోను ఏరోప్లేన్ మోడులో, నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి ఉండాలి. వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో అయితే నిమిషానికి పదకొండున్నర ఎంబీ. ముప్పావుగంటకి 520 ఎంబీ లోపే. దాన్ని వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి. వాయిస్ నోటుగా రికార్డు చేసి పంపితే ఫైలు కుదింపులో ధ్వని నలిగిపోతుంది, అందులో మొదట పోయేవి పలుకు చివరి సన్నని అంచులు. నటుడికి కావలసినవి అవే.

ఈ నలగడం జముకుల కథలో వాయించే జముకుకి ఇంకా ఘోరం. ఒక వైపు తోలు మూసిన గొట్టం, తోలు నడిమి నుంచి తీగ, తీగ చివర చిన్న పుల్ల. గొట్టం చంకలో ఇరికించి, ఒక చేత్తో తీగని బిగిస్తూ సడలిస్తూ రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే ధ్వని పైకి ఎక్కుతుంది, వదిలితే జారుతుంది. ఆ జారుడే కథకుడికి తోడు గొంతు. ఫోన్లో, వీడియో యాపుల్లో ఉండే ‘నాయిస్ సప్రెషన్’ మనిషి గొంతు కానిదాన్నంతా రొద కిందే లెక్క కడుతుంది. జముకు మొదటి దెబ్బ వినబడి, తర్వాత జారుడంతా మాయమైపోతుంది. ఆ సెట్టింగు ముందే ఆపాలి. వేదిక మీద జముకుకి విడి మైకు ఉండాలి, తోలుకి ఎదురుగా కాకుండా ఏటవాలుగా, అడుగు దూరంలో. ఇందాక నేల మైకుకి నొక్కమన్న లో కట్ దీనికి నొక్కకూడదు.

ఈ వాద్యంతోనే విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్ళలో రైతాంగ సాయుధ ఉద్యమ కథ చెప్పాడు. 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో పోయాడు. అలాంటి కళారూపాలతోనే తర్వాత ప్రభుత్వం అక్షరాస్యతా, కుటుంబ నియంత్రణా ప్రచారం చేయించింది. రూపం ఎవరి సొత్తూ కాదు, డబ్బిచ్చినవాడి మాట చెబుతుంది, ప్రాణమిచ్చినవాడి మాటా చెబుతుంది.

నాటకాల్ని ఆపడానికి బ్రిటిష్‌వాళ్ళు 1876లో తెచ్చిన ప్రదర్శనల చట్టం రద్దయింది 2018లో. మంచిదే. ఇప్పుడు రాత్రి కథని ఆపేది శబ్ద కాలుష్య నియమాలు, 2000 నాటివి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలంలో మైకే కాదు, వాద్యం కూడా కూడదు. ఏడాదికి 15 రోజులకి మించకుండా, పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలించవచ్చు. ఆసుపత్రి రోగుల్నీ పరీక్షల పిల్లల్నీ తలుచుకుంటే ఈ నియమం తప్పనలేం. కాని రాత్రంతా సాగే కథ రెండు గంటల్లోకి కుదించాలంటే కత్తెర ఎక్కడ పడుతుందో చూడండి. బుర్రకథలో కథకుడు కథ నడుపుతాడు, పక్కన వంతపాడే ఇద్దరిలో హాస్య వంత నవ్విస్తాడు, రాజకీయ వంత వర్తమానం మాట్లాడతాడు. మొదట కోత పడేది ఆ మూడోవాడికే. అతను లేకపోయినా కథ నడుస్తుంది కనక.

అందుకని రాజకీయ వంత మాటలు ఆఖర్న పెట్టుకోకూడదు. ఏడున్నరకి మొదలుపెడితే మొదటి అరగంటలోనే రెండు చోట్ల, ఒక్కోటి మూడు నాలుగు నిమిషాలకి మించకుండా, కథలోని ఘట్టానికి ముడేసి రాయాలి. అనుమతి కాయితంలో మైకుతో పాటు వాద్యాల పేర్లూ రాయాలి. పావు తక్కువ పదికల్లా మంగళం పాడే వీలుండాలి.